కౌజు గుడ్లకి గాలి తగలకూడదని

పొద్దున్న ఏడింటికి స్నేజానా పొయ్యి మీద కాఫీ కలుపుతుంటే, ఆమె భర్త చెదోమిర్ హాల్లో నేల మీద బోర్లా పడుకుని, థర్మోకోల్ పెట్టెకి చెవి ఆనించి ఉన్నాడు. పెట్టెలో ముప్పై కౌజు గుడ్లు. ఇవాళ పదిహేడో రోజు.

"ఏమన్నా వినిపిస్తోందా?" అంది స్నేజానా.

"నువ్వు చెంచా తిప్పడం వినిపిస్తోంది."

ఆమె చెంచా ఆపేసింది.

క్రాల్యెవో పట్టణంలో తను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక చెదోమిర్ ఏడాదిపాటు సోఫాలో ఉద్యోగం చేశాడు. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. అలాంటి మనిషి ఒకరోజు లేచి, గడ్డం గీసుకుని, గుడ్లు పొదిగే ఈ పెట్టె తయారుచేశాడు. మొదటిసారి ఒక్క పిల్లా రాలేదు. రెండోసారీ రాలేదు. అప్పుడు మాత్రం తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఈసారి కూడా పోతే ఇక ఎప్పటికీ దిగడేమోనని స్నేజానా భయం. ఆ భయంతో కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది.

"నేల మీద పడుకోకు అల్లుడూ, కిడ్నీలు పోతాయి," అంటూ దోబ్రిల వచ్చింది. స్నేజానా తల్లి. ఫ్లాటు ఆవిడది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు. "నా ఇంట్లో" అని మాత్రం అనేది. "నా ఇంట్లో ఇంతవరకు ఎవరి కిడ్నీలూ పోలేదు."

"మీ రికార్డు పాడుచెయ్యను లెండి అత్తయ్యా."

దోబ్రిల లెక్కలో మనిషికి వచ్చే జబ్బులన్నిటికీ కారణం ఒకటే. ఎదురెదురు కిటికీలు తెరిస్తే మధ్యలో దూసుకొచ్చే గాలి. ఆవిడ భర్త కారు లారీని గుద్దుకుని పోయాడు. కారు అద్దాలు రెండువైపులా దింపి ఉన్నాయని ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

తొమ్మిదైంది. నిన్న సాయంత్రానికే పెంకులు చిట్లాలి. అద్దం మూత కింద ఒక గుడ్డు కాసేపు అటూ ఇటూ ఊగింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"వేడి సరిగ్గానే ఉంది. తేమ సరిగ్గానే ఉంది," అన్నాడు చెదోమిర్ మెల్లగా. "మూత కూడా తియ్యలేదు. ఇంకేముంది? నాలోనే ఉంది లోపం. నా చెయ్యి పడితే ఏదీ బతకదు స్నేజా."

"పిచ్చిమాటలు మాట్లాడకు."

"ఫ్యాక్టరీ చూడు."

"ఫ్యాక్టరీని నువ్వు పొదిగావా?"

అతను నవ్వలేదు. లేచి పడకగది వైపు చూశాడు. ఆ చూపు స్నేజానాకి తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, వైరు ఊడిందేమో చూస్తానని పెట్టె చుట్టూ వంగి చూసింది.

"చెదో, ఈ చిల్లుల్లో దూది ఎందుకు పెట్టావు?"

"ఏ దూది?"

గాలి ఆడటానికి పెట్టిన చిల్లులవి, రెండు. పిల్లలు బయటికొచ్చే ముందు గాలి ఎక్కువ కావాలని మూడు రోజుల క్రితం తనే బిరడాలు తీసేశాడు. ఇప్పుడు రెండింట్లోనూ గట్టిగా కుక్కిన దూది. చెదోమిర్ దాన్ని పీకి చేతిలో పట్టుకుని వంటింటి వైపు తిరిగాడు.

"అత్తయ్యా! ఇది ఎవరు పెట్టారు?"

"నేనే," అంది దోబ్రిల పళ్ళెం తుడుస్తూ. "పెట్టక ఏం చెయ్యను? చూస్తే రెండు చిల్లులూ బార్లా తెరిచి ఉన్నాయి. అదీ ఎదురెదురుగా! పసిగుడ్లు. చెవిపోటొస్తే ఎవరు చూస్తారు?"

"అవి ఇంకా పుట్టనే లేదు!"

"పుట్టాక పెట్టి ఏం లాభం?"

"పోయినసారి కూడా పెట్టారా?"

"మూడుసార్లూ పెట్టాను. పోయిన రెండుసార్లూ అయ్యాక నేనే తీసి పారేశాను. ఒకళ్ళ చేత చెప్పించుకునే రకాన్ని కాదు నేను."

చెదోమిర్ మొహం ఎర్రబడింది. "ఊపిరాడకుండా చేసింది మీరన్నమాట! తొమ్మిది రోజులు నేను గోడకేసి చూస్తూ పడుకున్నాను! మీరేమో పక్కన కూర్చుని సూప్ తాగించారు!"

పళ్ళెం తుడవడం ఆగింది. దోబ్రిల గుమ్మం దగ్గర బూట్లు వేసుకునే స్టూలు మీద కూలబడింది.

"నేనా చంపింది?" అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "మీరిద్దరూ లేనప్పుడు రోజూ వాటి దగ్గరే కూర్చునేదాన్ని అల్లుడూ. పాటలు కూడా పాడాను. నేనే చంపానా?"

చెదోమిర్ చేతిలో దూది జేబులో పెట్టుకుని, వెళ్ళి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"లేదత్తయ్యా. కోపంలో అనేశాను. ఆ రెండుసార్లూ గుడ్లే మంచివి కావు. అమ్మినవాడు పాతవి అంటగట్టాడు. మీ దూది వల్ల కాదు."

"నిజంగా?"

"నిజంగా."

రెండోసారి ఆ గుడ్లని చెత్తలో పారెయ్యడానికి కిందకి తీసుకెళ్ళింది స్నేజానాయే. సంచిలో ఒకటి పగిలింది. లోపల ఈకలతో సహా తయారైన పిల్ల ఉంది. అది చెదోమిర్ కూడా చూశాడు. చూశాకే మంచం ఎక్కాడు.

ముగ్గురూ పెట్టె చుట్టూ చేరారు. పదిన్నరకి ఒక పెంకు మీద వెంట్రుకంత గీత పడింది. పదకొండు దాటాక పైచిప్ప పక్కకి ఒరిగి, తడిసిన బొటనవేలంత పిల్ల బయటపడి, మొదటి పనిగా పక్క గుడ్డుని తన్నింది. మధ్యాహ్నానికి పద్నాలుగు అయ్యాయి. మిగతా పదహారింటిలో కదలిక లేదు. చెదోమిర్ ఆ పద్నాలుగింటినే పదేపదే లెక్కపెట్టుకుంటున్నాడు.

దోబ్రిల కళ్ళు తుడుచుకుంది. "చూశావా, గుడ్లు మంచివైతే ఎంత తేడానో! ఆ పాతవి అమ్మినవాడి ఫోన్ నంబరివ్వు అల్లుడూ. నాలుగు దులుపుతాను."

"పోనీలెండి అత్తయ్యా," అన్నాడు చెదోమిర్, పెట్టెలోంచి చూపు తిప్పకుండా. "పాపం, తెలియక చేశాడు."