బిజిలీ మీద ఆకుపచ్చ చీర

ఉలవలు ఉడకేయాలి. గుర్రం తొట్టి కడగాలి. సుభానీ చొక్కాకి గుండీ కుట్టాలి. కల్లానికి వెళ్ళి మిరపకాయలు తిరగేయాలి. కాలికి నూనె రాసుకోవాలి. ఆ ఆకుపచ్చ చీర ఎటు పోయిందో వెతకాలి...

నజీరా పొద్దున్నే పనులన్నీ మనసులో అనుకుంటూ లేచేది. ఆఖరిదాని దగ్గరికి వచ్చేసరికి మిగతావన్నీ మరిచిపోయేది. జరీ అంచున్న ఆ చీర పెళ్ళినాడు తల్లి జానీబీ పెట్టింది. పెట్టె అడుగున ఉండాల్సింది లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే. తను తీయలేదు. మరి ఎవరు తీసినట్టు? ఎవరికి ఇచ్చినట్టు?

ఆమె మొగుడు సుభానీ సత్తెనపల్లిలో జట్కా తోలేవాడు. సాగర్ కాలవ తవ్వకంతో గుట్ట అవతలికి పోయే పాత బండిదారి తెగిపోయింది. ఊళ్ళోకి బస్సులొచ్చాయి. జట్కా పెరట్లో నిలిచిపోయింది. గుర్రం నిలబడి తిని తిని పొట్ట పెంచింది. దాని పేరు బిజిలీ. పేరుకే మెరుపు, వీధి మలుపు దాకా నడిస్తే రొప్పేది. అలాంటి గుర్రాన్ని ఈమధ్య తెల్లవారుతుండగానే బండి కట్టకుండా తోలుకుపోతున్నాడు. మొదట పగ్గం పట్టుకుని రేగడి చేలగట్ల మీద ఊరికే నడిపించాడు. రొప్పు తగ్గాక కొత్త లాడాలు కొట్టించాడు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో పాత జీను పట్టుకొచ్చాడు. ఎందుకని అడిగితే, గుర్రానికి ఒళ్ళు అలవాటు చేస్తున్నానంటాడు. దేనికి అలవాటు అంటే నవ్వుతాడు. ఆ నవ్వే నజీరా గుండెల్లో ముల్లులా దిగింది.

జ్వరమొచ్చి ఎడమకాలు చచ్చుబడిన దగ్గర్నుంచీ ఆమెకు ప్రతి నవ్వులోనూ ఏదో వినబడుతోంది. కుంటి పెళ్ళాం ఎన్నాళ్ళని... గుట్ట అవతలి ఊళ్ళో ఉన్న తల్లిని చూసి ఎంతకాలమైందో. బండిదారి లేదు, అటు బస్సూ లేదు, మిగిలింది రాళ్ళ కాలిబాట. ఒకసారి మొండిగా నడిచి బయల్దేరి సగంలో కూలబడితే సుభానీయే భుజాన వేసుకుని తెచ్చాడు. ఆ భుజం ఇప్పుడెవరిదైపోయిందో!

మొన్న కల్లంలో ఇంకో అవమానం. మిరప టిక్కీలు, అదే గోనె బస్తాలు, తూచే కాటా మీద ఆమెను పట్టుబట్టి నిలబెట్టి తూకం చూశాడు. తొడిమలు తీసే ఆడవాళ్ళంతా పడిపడి నవ్వారు. "జాగ్రత్తమ్మోయ్, ధర పలికితే అమ్మేస్తాడు" అంది పక్కింటి రాఘవమ్మ. నజీరా కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది.

ఆ రాఘవమ్మే ఒక సాయంత్రం పత్తిచేను నుంచి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"చెప్పకుండా ఉండలేను అమ్మాయ్. గుట్ట దారిలో మీ ఆయన్ని చూశా. గుర్రం మీద ఎవరో ఆడమనిషి. తలనిండా ముసుగు. ఆకుపచ్చ చీర."

నజీరా చేతిలోని ఉలవల చేట కింద పెట్టింది. మర్నాడు పత్తి ఏరే కూలీల బండిలో రాఘవమ్మ పక్కన కూర్చుని గుట్ట మొదలు దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి కాలు ఈడ్చుకుంటూ ఒక్కతే ఎక్కింది. సవతి మొహం చూసి, మారుమాట లేకుండా తిరిగొచ్చేద్దామనే అనుకుంది...

మలుపు తిరగ్గానే కనబడ్డారు. బిజిలీ మెల్లగా రాళ్ళు దిగుతోంది. పొట్ట లోపలికి పోయి, ఒళ్ళు నిగనిగలాడుతోంది. పైన ఆకుపచ్చ చీర. పక్కన సుభానీ నడుస్తూ, పైనున్న మనిషితో ఆపేక్షగా మాట్లాడుతున్నాడు.

"దిగుడొస్తోంది నజీరా, పడకుండా జూలు పట్టుకో."

తన పేరు విని ఆమె అక్కడే నిలబడిపోయింది. అప్పుడు గాలికి ముసుగు తొలగింది. లోపల తల లేదు. ఇసుక నింపి, మూతి కుట్టిన మిరప టిక్కీ.

సుభానీ ఆమెను చూసి దొంగలా తలొంచుకున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"నీ తూకమే. కొంచెం కొంచెంగా ఇసుక పెంచుకుంటూ వచ్చా. ఇది బండి లాగిన గుర్రం, బరువు వెనకుంటేనే దానికి తెలుసు. కళ్ళకు గంతలు తీస్తే, పక్కన చీరంచు ఎగిరినా బెదిరిపోయేది."

"నా చీరే దొరికిందా?"

"మీ అమ్మ దగ్గరికి పోయేనాడు నువ్వు కట్టేది అదేగా."

జానీబీ మంచం పట్టిందనీ, కూతుర్ని కలవరిస్తోందనీ అతనికి కబురొచ్చింది. చెబితే నజీరా ఆ కాలితోనే బయల్దేరుతుంది. గుర్రాన్ని తొందరపెడితే అది లోయలో పడుతుంది. అందుకే ఆ కబురు దాచిపెట్టాడు.

"నేను నిన్ను..." అని ఆమె పూర్తిచేయలేకపోయింది. బస్తాకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

బయల్దేరేనాడు చీర ఉతుకుతానంటే సుభానీ ఒప్పుకోలేదు, గుర్రానికి ఆ వాసన అలవాటంటూ. బిజిలీ ఎక్కడా తడబడలేదు. జానీబీ చూపు మందగించిన కళ్ళతో కూతుర్ని తడిమి, కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. "గుర్రం వాసనేందే?" అని నవ్వింది. అల్లుడు గుమ్మం బయట గుర్రానికి చెమటార్చుతుంటే, లోపలికి పిలిపించి, రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వారంలోనే కూతురి ఒళ్ళో కన్నుమూసింది.

ఇప్పుడు ఆ ఊరికి బస్సు పడింది. అమ్మలారా, మీరు పుట్టింటికి వెళ్ళే బస్సెక్కినప్పుడు, కొంగు సర్దుకుని కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఇసుక బస్తాను భార్య పేరుతో పిలిచి, పడకుండా పట్టుకోమని చెప్పిన ఆ జట్కా సుభానీని ఒక్కసారి తలుచుకోండి.