నా నంబరుకు రెండో చిరునామా

ఆఫీసులో నాకు పని నేర్పే పెద్దాయన్ని అందరూ మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. చేతిలో మార్కరు ఉంటే చాలు, టీ కోసం వచ్చినవాణ్ణి కూడా బోర్డు ముందు నిలబెట్టేస్తాడు. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ల పని మాది. ఆస్పత్రులకీ హోటళ్ళకీ ఫోన్లు పెడతాం. పెడతాం అంటే మాస్టారూ మిగతావాళ్ళూ పెడతారు. నేను కొత్తదాన్ని, ఇంకా తిట్లు తింటూ నేర్చుకుంటున్నాను.

“పిలుపు వేరు, మాట వేరు,” అనేవాడు మాస్టారు. “ముందు పిలుపు మన సర్వరుకి వస్తుంది, ఫలానా నంబరు ఎక్కడుంది అని అడుగుతూ. ప్రతి ఫోనూ తన చిరునామా ముందే సర్వరుకి చెప్పుకుని ఉంటుంది. ఒకే నంబరు రెండు చోట్ల ఉంటే రెండు చోట్లా మోగిస్తాం. ముందెత్తినవాళ్ళదే కాల్. రెండోచోట మోత ఆపేస్తాం.”

“మరి వాళ్ళు మాట్లాడేది మనకి వినబడుతుందా?”

“పెళ్ళి కుదిర్చినంత మాత్రాన కాపురంలో దూరతామా? మాట వాళ్ళిద్దరి మధ్యే నేరుగా పోతుంది. ఫోన్ పెట్టేసేటప్పుడు మాత్రం మనకి చెబుతారు, అంతే.”

నేర్చుకున్నది చేతికి అబ్బాలని సర్వరులో రెండు నంబర్లు నాకోసం పెట్టుకున్నాను. ఒకటి ఆఫీసులో నా బల్ల మీద ఫోనుకి. ఇంకొకటి ఇంట్లో, చేతిలో పట్టుకు తిరిగే తెర ఫోనుకి. ఇంట్లో ఉండేది నేనూ నా కూతురూ, అంతే. దానికి ఎనిమిదేళ్ళు. ఒకచోట కుదురుగా ఉండదు, అందుకే కందిరీగ అంటాను. బడి నుంచి రాగానే గడియ పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యాలి. నేను చెబితే తప్ప తలుపు తీయకూడదు. ఒంటరి పిల్లకి నేను పెట్టగలిగిన కాపలా అదొక్కటే.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన పట్టుకుంది. మా గదికి కిటికీలు లేవు. సర్వర్ల వేడి, కాలిన దుమ్ము వాసన, ఫ్యాన్ల హోరు, వాటి మధ్యే మా కాపురం. బడి వదిలే వేళకి నా బల్ల మీద ఫోను సగం మోత మోగి ఆగిపోయింది. తెర మీద ‘వేరే చోట ఎత్తారు’ అని పడింది.

మళ్ళీ ఏదో చెడగొట్టాను కాబోలనుకున్నాను.

“మాస్టారూ, నా నంబరు ఇంకెక్కడైనా పెట్టారా?”

“నాకేం పనీపాటా లేదనుకున్నావా?”

సర్వరులో చూశాను. నా నంబరుకు రెండు చిరునామాలు కనిపించాయి. మొదటిది నా బల్ల. రెండోది మా ఇల్లు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. దానిది కందిరీగ నంబరు.

మాస్టారు నా భుజం మీంచి వంగి చూశాడు. “పాస్‌వర్డ్ మార్చు,” అన్నాడు. మార్చాను. రెండో చిరునామా తీసేశాను. అది పోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్ళీ వచ్చి కూర్చుంది, నేను అప్పుడే పెట్టిన కొత్త పాస్‌వర్డ్‌తోనే. మాస్టారు చేతిలోని మార్కరు బల్ల మీద పెట్టేశాడు. ఆయన మార్కరు వదలడం నేను చూడటం అదే మొదలు.

కాల్ ఇంకా నడుస్తోంది. నా కూతురు నా నంబరుతో మాట్లాడుతోంది. ఏం మాట్లాడుతోందో వినే దారి లేదు.

“ఆ కాల్ కోసెయ్,” అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

సర్వరు నుంచి రెండువైపులా ముగింపు పంపాను. వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాను.

తెర మీద దాని ముఖం కనిపించింది. వెనక పడగ్గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మసక.

“ఇప్పటిదాకా ఎవరితో మాట్లాడావు?”

“నీతోనే.”

“నాతో కాదే.”

అది తెరకి దగ్గరగా వచ్చి నన్ను చూసింది. “నువ్వలా అంటావని అమ్మ చెప్పింది.”

“ఏ అమ్మ?”

“ఎప్పుడూ ఎత్తే అమ్మ. ముందు పడగ్గదిలో మోగుతుంది… తర్వాత ఎత్తుతుంది. నువ్వు ఎత్తని రోజు కూడా ఎత్తుతుంది. అస్సలు కోప్పడదు.”

భయం మధ్యలోనూ ఆ మాట గుచ్చుకుంది. బోర్డు ముందు నిలబడి నేను ఎత్తని ఫోన్లు ఎన్నో.

“ఏం చెప్పింది?”

“బీరువాలో దాక్కోమంది. నీలాగే ఒకావిడ ఫోన్ చేసి బయటికి పొమ్మంటుందట. వెళ్తే ఇంక అమ్మ దొరకదట.”

అప్పుడు దాని వెనక, పడగ్గదిలో… ఫోను మోగింది.

కందిరీగ అటు తిరిగింది. లేవబోయింది.

నచ్చజెప్పే ఓపిక నాకు పోయింది. “చెవులు మెలేస్తానే! అటు చూశావంటే చంపేస్తాను. గడియ తీసి పక్కింటి టైలరమ్మ దగ్గరికి నడు. ఈ క్షణమే.”

దాని కింది పెదవి వణికింది. “నువ్వే,” అంది మెల్లగా.

ఫోను పక్కన పెట్టేసింది. తెర మీద ఇంటి కప్పు ఒక్కటే కనిపిస్తోంది. గడియ తీసిన చప్పుడు… లోపల ఇంకా మోగుతోంది… మోత ఆగింది. ఎవరో ఎత్తారు.

మాస్టారు నా మొబైల్ లాక్కుని నా నంబరు అందులోనూ పెట్టాడు. “పిల్ల మళ్ళీ చేస్తే నీ చేతిలోనే మోగాలి. పరుగెత్తు,” అన్నాడు.

వానలో ఎలా వెళ్ళానో నాకే తెలియదు. ఇంటికి పోకుండా ముందు టైలరమ్మ గుమ్మం ఎక్కాను. మిషను పక్కన, గుడ్డముక్కల గుట్ట మీద కూర్చుని ఉంది నా కూతురు. ఒళ్ళోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక ఈ ఉద్యోగం ఏ గంగలో కలిసినా ఫర్వాలేదనిపించింది.

“వచ్చినప్పటి నుంచీ ఒక్క మాట లేదమ్మా,” అంది టైలరమ్మ. “జడుసుకున్నట్టుంది పాపం.”

తల నిమిరాను. బయట అంత వాన పడుతున్నా జుట్టు తడవలేదు. చూరు కిందుగా వచ్చి ఉంటుందనుకున్నాను.

మొబైల్ మోగింది. ఇంటి ఫోను నంబరు.

ఎత్తాను. తెరంతా చీకటి. బట్టల మధ్య అణిగిన ఊపిరి…

“అమ్మా…” గుసగుసగా వచ్చింది. “బీరువాలో ఉన్నాను. నువ్వు చెప్పావని గడియ తీశాను. గుమ్మం బయట ఒక పిల్ల నించుంది. నా గౌనే వేసుకుంది… నువ్వు లోపలికి పో, నేను వెళ్తాలే అంది. ఇప్పుడు గదిలో ఎవరో నడుస్తున్నారు. త్వరగా రా అమ్మా. తిట్టినా పర్లేదు…”

వస్తున్నానని చెప్పబోయాను.

ఒళ్ళోని పిల్ల చెయ్యి చాపి ఎర్ర గుర్తు నొక్కింది.

“రాంగ్ నంబరమ్మా,” అంది.

నేను లేవబోయాను. అది రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి గట్టిగా పట్టుకుంది.