తెలియదంటే చాలు

ఆ ఉదయం గ్రేవీలో మిరియాలు ఘాటెక్కాయని గార్లండ్ సణిగాడు. నలభై ఏళ్లుగా ఇదే చేత్తో వేస్తున్నానని, మిరియాలు మారలేదని, మారింది ఆయన నాలుకేనని వెర్లీన్ వడ్డిస్తూనే వాయించింది. మొగుడి కంచంలో ఇంకో వేడి బిస్కెట్ రొట్టె మాత్రం పడింది.

కూతురు రోడాకి నవ్వు రాలేదు. పదకొండింటికి కోర్టు. పోయిన శరత్కాలంలో గార్లండ్ కొండ మీద జిన్సెంగ్ అనే మందుమొక్క వేళ్లు తవ్వి పట్నంలో అమ్మాడు. ఆ కొండ నేషనల్ పార్కుది. గార్డులు పట్టుకున్నారు. వేళ్లు మోసిన ట్రక్కు మీద ప్రభుత్వం కన్ను పడింది.

లాయరు విడమర్చి చెప్పాడు. పార్కు నేలని తెలిసి తవ్వితే పెద్ద నేరం, ట్రక్కు జప్తు. హద్దు తెలియక తవ్వితే చిన్న నేరం, జరిమానాతో సరి. తేడా అంతా ఆయన మనసులో ఏముందన్నదే. రోడా తేనెపెట్టెలను కొండల్లో తిప్పేది, సీసాలు సంతకు చేర్చేది ఆ ట్రక్కే. అది పోతే ఆమె బతుకుతెరువు పోతుంది.

అందుకే వారం నుంచి తండ్రికి ఒకటే పాఠం చెబుతోంది. ఆయన తలూపుతాడు. నోటితో మాత్రం అనడు.

"ఒక్కసారి అను నాన్నా. హద్దు నాకు తెలియదు. అంతే."

గార్లండ్ చెంచా కింద పెట్టాడు. "నా వల్ల కాదే."

రోడాకి ఒళ్లు మండింది. పరువు పట్టుకుని వేలాడతావని, నీ మొండితనానికి నేను వీధిన పడాలా అని నోటికొచ్చినట్టు అనేసింది. వెర్లీన్ కూడా ఆపలేదు. ఆవిడకీ ట్రక్కు కావాలి.

ఆయన అంతా విన్నాడు. "పార్కు రాకముందు అది మా నేలే. అందుకే చెయ్యి ఊరుకోలేదు. తప్పే. కానీ మా అమ్మ అక్కడే ఉంది. ఏటా మే నెలలో సమాధులకి పూలు పెట్టడానికి వెళ్తాం. గేటు ఎవరు తెరుస్తారే?"

రోడా గొంతు తగ్గింది. "పార్కు గార్డు."

"మరి అది ఎవరి నేలో నాకు తెలియదని ఎట్లా చెప్పను? అమ్మని ఎక్కడ పెట్టానో తెలియదన్నట్టే కదా."

చిన్నప్పటి నుంచి ఒళ్లో కాగితం పూలతో, ఆ గేటు తెరిచేదాకా తండ్రి పక్కన తనూ కూర్చునేది. తనకీ తెలుసు. తెలిసే వారం రోజులుగా ఆయన చేత అబద్ధమాడించాలని చూసింది. కళ్లలో నీళ్లు నిండాయి. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

కోర్టులో గార్లండ్ తెలుసనే చెప్పాడు. వేసవిలో శిక్ష పడింది. జైలు తప్పింది, ట్రక్కు పోయింది. తాళం ఇవ్వడానికి ఆయనకి చేతులు రాలేదు. రోడాయే తీసి ఇచ్చింది.

"ఇక తేనె ఎట్లా మోస్తావే?" అన్నాడు కోర్టు మెట్ల మీద.

"నీ వీపు మీద. తెలిసి చేసిన నేరం కదా, మొయ్యి," అంటూ ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చింది రోడా.