తెడ్డుకాళ్ళ తాబేలు

గాలి హోరుకి రెండు రోజులుగా స్టీమర్లు కదలడం లేదు. అయినా ఆ ఉదయం ఏథెన్స్ దగ్గరి పిరేయస్ రేవులో, ప్రైవేట్ డిటెక్టివ్ మెల్పో కరావియా ఆఫీసు గుమ్మంలో ఏజినా దీవి మనిషి ఒకావిడ నిలబడి ఉంది. నిలువెల్లా తడిసిపోయింది. చేపల పడవలో వచ్చిందట.

అసిస్టెంటు సోతోస్ తువ్వాలు అందించాడు.

"తువ్వాలు తర్వాత. నేను దొంగని కానని ముందు ఒప్పుకోండి, అప్పుడు కూర్చుంటాను."

"తేల్చాకే ఒప్పుకుంటాను. కూర్చోండమ్మా," అంది మెల్పో.

ఆవిడ పేరు జబెత్తా. నీళ్ళ అడుగున పెరిగే స్పాంజీలు తీసే గజ ఈతగాళ్ళ సంఘానికి దీవిలో ఒక హాలుంది. దాన్ని చూసుకునేది ఆవిడే. నలభై ఏళ్ళ కిందట, సంఘం మొదలైనప్పుడు, ఆవిడ తండ్రి సముద్రం అడుగు నుంచి ఒక ప్రాచీన వెండి నాణెం తెచ్చి సంఘానికిచ్చాడు. అప్పటి నుంచి అది హాల్లో అద్దాలపెట్టెలోనే ఉంది. దాన్ని పరీక్షించమని సంఘం ప్రెసిడెంటు కెప్టెన్ లింబేరిస్ ఏథెన్స్‌లోని రెండిస్ అనే నిపుణుడికి ఉత్తరం రాశాడు. మొన్న అతనొచ్చాడు. జబెత్తా పెట్టె తెరిచి నాణెం అతని చేతిలో పెట్టింది. అతను వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగాడు, భూతద్దం పెట్టి చూశాడు, ఇది నకిలీ అని తేల్చేశాడు.

"తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. అందుకని ఊరందరి ముందూ దొంగన్నాడు ప్రెసిడెంటు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమన్నాడు."

"పెట్టారా?"

"పెన్ను విరిచి ఆయన బల్ల మీదే పెట్టొచ్చాను."

సోతోస్‌కి నవ్వాగలేదు. మెల్పో మాత్రం నవ్వలేదు.

"ఆ నకిలీని మీరు చూశారా?"

"చూశాను. మా తాబేలుకి కాళ్ళు తెడ్లలా ఉంటాయి. దానికి వేళ్ళున్నాయి! ఆ మాటే అంటే, తాబేలు తాబేలే కదా అని నవ్వారు."

"ఫోటో ఉందా?"

"లేదు. ఉత్తరంలోనూ ప్రెసిడెంటు తాబేలు బొమ్మున్న నాణెం అని ఒక్క ముక్కే రాశాడు."

మెల్పో లేచింది. "సోతోస్, కోటు తీసుకో."

ఆ ప్రయాణంలో సోతోస్ తిన్నదంతా సముద్రానికి అప్పగించాడు. మెల్పో మాత్రం పడవ ముందు భాగంలో నిటారుగా కూర్చుని ఏదో ఆలోచిస్తూనే ఉంది. ఆవిడలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు ఆ వాంతుల మధ్యలోనూ అతనికి గర్వంగానే అనిపించింది.

హాల్లో లింబేరిస్, నలుగురైదుగురు ఈతగాళ్ళు ఉన్నారు. స్టీమరు లేక దీవిలోనే చిక్కుకుపోయిన రెండిస్ కిటికీ దగ్గర కూర్చున్నాడు. సోతోస్‌ని చూడగానే సిగరెట్టడిగాడు. రెండిస్ కోటు జేబులోంచి పొగాకు సంచి ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది.

"మీరు ఈ దీవికి రావడం ఇదే మొదటిసారా?" అడిగింది మెల్పో.

"అవును."

"నాణేన్ని ముందెప్పుడూ చూడలేదు?"

"ఎలా చూస్తానండీ!"

మెల్పో గోడ మీదున్న ఒక చట్రం దగ్గరికి నడిచింది. అది సంఘం స్థాపించిన నాటి పత్రం. అడుగున ఎర్ర లక్క ముద్ర ఉంది.

"కెప్టెన్ గారూ, ఈ ముద్ర దేంతో వేశారు?"

"ఆ నాణెంతోనే. ఆ రోజు నేనూ ఉన్నాను."

"అయితే అందరూ దగ్గరికి రండి. ఏజినా సముద్రాన్ని ఏలిన రోజుల్లో ఇక్కడి నాణేల మీద సముద్రపు తాబేలు ఉండేది. ఏథెన్స్ చేతిలో ఓడి, ఓడలన్నీ పోగొట్టుకున్నాక నేల తాబేలు వచ్చింది. ముద్రలో చూడండి, కాళ్ళు తెడ్లు. పెట్టెలో ఉన్నదానికి గోళ్ళు, పలకల డిప్ప."

"మా నాన్న ఓడిపోయిన నాణెం తేలేదు," అంది జబెత్తా.

"ఈ నకిలీ చేయించినవాడు అసలుదాన్ని ఎన్నడూ చూడలేదు. ఈ దీవిలో చిన్నప్పటి నుంచీ దాన్ని చూడనివాళ్ళెవరు? ఒక్కరూ లేరు. ఉత్తరంలో తాబేలు అన్న ఒక్క మాట చదివి, రెండు రకాల్లో ఒకటి ఊహించి పోత పోయించినవాడు ఒక్కడే. కిటికీ వైపు తిరిగినప్పుడు చేతిలో మార్చేశాడు. ఊరుకుంటే రేపెప్పుడైనా బయటపడుతుంది. అందుకే తానే నకిలీ అని అరిచి, నేరం ఇంకొకరి నెత్తిన పెట్టాడు. రెండిస్ గారూ, పొగాకు మీ దగ్గరే ఉందిగా, సిగరెట్టు ఒకరినెందుకు అడిగారు? మీ సంచిలోంచే ఒకటి చుట్టండి."

రెండిస్ తలుపు వైపు రెండడుగులు వేశాడు. తలుపుకి అడ్డంగా ఉన్న ఈతగాళ్ళు కదల్లేదు. సంచి లాగి బల్ల మీద బోర్లించింది లింబేరిస్సే. పొగాకులోంచి వెండి నాణెం జారిపడింది.

రెండిస్‌ని పోలీసులు తీసుకెళ్ళాక, లింబేరిస్ గొంతు తగ్గించి అన్నాడు. "జబెత్తా, జరిగిందేదో జరిగింది. రేపు మామూలుగా పనిలోకి వచ్చెయ్."

"రాను. ఊరందరి ముందూ దొంగన్నావు. ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, కాదని అదే ఊరికి చెప్పు. సోమవారం వస్తాను."

"నేను ప్రెసిడెంటునమ్మా!"

"అందుకే మెట్ల మీద నిలబడమంటున్నా. అందరికీ కనపడతావు."

ఆదివారం అతను చెప్పాడు. వెనకవాళ్ళకి వినపడలేదంటూ జబెత్తా మళ్ళీ చెప్పించింది.