అరుంధతి ఎత్తుకోని పాప

2008 జూన్ సెలవుల్లో ఒక శనివారం. పాసిర్ రిస్‌లో తమ బ్లాకు కింద ఈశ్వరరావు కారు డిక్కీని మూడోసారి సర్దుతున్నాడు. కారు కొని రెండు నెలలే అయింది కాబట్టి ఆయనకి ప్రతిదీ సంబరమే. మలేషియా సరిహద్దు దాటే కారులో ముప్పాతిక ట్యాంకు పెట్రోలు ఉండాలన్న రూలుని ముందు రోజు నుంచి భార్య సుభద్రకి నాలుగుసార్లు వినిపించాడు. ఎనిమిదేళ్ళ ప్రణవ్ కిటికీ పక్క సీటు మీద బ్యాగు పడేసి, చోప్ చేశాను, ఈ సీటు నాదే, ఇంకెవరూ కూర్చోకూడదన్నాడు. పోటీకి రాగలిగింది ఏడు నెలల చెల్లెలు అక్షర ఒక్కతే. సుభద్ర మాత్రం పాలసీసాల సంచిలోంచి తల ఎత్తలేదు.

వెళ్తున్నది మలేషియాలోని పోర్ట్ డిక్సన్‌కి. సముద్రపు ఒడ్డున మధుసూదనరావు, అరుంధతి దంపతుల ఇల్లు. వాళ్ళని చూసి ఏడేళ్ళయింది. ఈ ప్రయాణం ఈశ్వరరావు పట్టుబట్టి పెట్టుకున్నది. పాపకి జలుబని, ప్రణవ్‌కి ట్యూషనని సుభద్ర చెప్పిన సాకులేవీ ఆయన దగ్గర పారలేదు. నిజానికి ఆమెకి భయం. అరుంధతి ముఖం ఎలా చూడాలో తెలియని భయం.

కంప్యూటర్ కోర్సు చేసినవాళ్ళందరూ విమానాలెక్కేస్తున్న 1999లో ఈ రెండు జంటలూ అదే ఊళ్ళోని టాంపినిస్ పేటలో ఒక ఫ్లాటు కలిసి అద్దెకి తీసుకున్నాయి. ఒకే వంటిల్లు, ఒకే కుక్కరు, ఒకే ఫోను కార్డు. ఇండియాకి ఫోను చేస్తే నలుగురూ వంతులవారీగా మాట్లాడేవారు. ఎవరింటి కబురైనా నలుగురిదీ. ప్రణవ్ పుట్టినప్పుడు సుభద్ర తల్లికి పాస్‌పోర్టు సమయానికి రాలేదు. అరుంధతే కాయం చేసి తినిపించింది, పథ్యం వండింది, సాంబ్రాణి పొగ వేసి పక్క ఫ్లాటువాళ్ళని కంగారు పెట్టింది. ఆమెకి పిల్లల్లేరు. పిల్లాడు ఏడాదిన్నర వరకూ ఆమె చంకలోనే పెరిగాడు.

ఒకరోజు బయటి నడవాలో ప్రణవ్ పరిగెత్తుతూ పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. సుభద్ర చేతులు చాపింది. వాడు ఆ చేతుల్ని దాటుకుని వెళ్ళి, అమ్మా అని ఏడుస్తూ అరుంధతిని వాటేసుకున్నాడు. ఆ సాయంత్రమే సుభద్ర వేరే ఇల్లు వెతకమని భర్త ప్రాణం తీసింది. మంచి స్కూలుకి కిలోమీటరు లోపల ఉంటేనే సీటొస్తుందట అని అందరికీ చెప్పింది. ఈశ్వరరావు కూడా నమ్మాడు. మగవాళ్ళకి ఇలాంటివి నమ్మడం తేలిక. తరవాత కొన్నాళ్ళకే మధుసూదనరావు కంపెనీ మూతపడి, వాళ్ళు మలేషియా వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి పోర్ట్ డిక్సన్ చేరారు. స్నేహితులిద్దరూ వాకిట్లోనే కావలించుకుని, ఒకరి బట్టతలని ఒకరు వెక్కిరించుకున్నారు. అరుంధతి గుత్తివంకాయ కూర చేసింది. ప్రణవ్‌కి కొసరి కొసరి వడ్డించి, వాడు థాంక్యూ ఆంటీ అంటే నవ్వింది. పాపని మాత్రం ముట్టుకోలేదు. సుభద్ర అందించబోతే చేతులు తడిగా ఉన్నాయంది. సాయంత్రం మళ్ళీ అందిస్తే నూనె చేతులంది. అరుంధతక్క మనసులో కోపం అలాగే ఉందని సుభద్రకి తేలిపోయింది.

మర్నాడు పొద్దున్న మగవాళ్ళు ప్రణవ్‌ని తీసుకుని సముద్రానికి వెళ్ళారు. వంటింట్లో ఇద్దరే మిగిలారు. పాప నేల మీద పాకుతూ అరుంధతి చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే, ఆమె నెమ్మదిగా విడిపించుకుని పక్కకి జరిగింది. సుభద్ర ఇక ఆగలేకపోయింది.

"కోపముంటే నన్ను తిట్టక్కా. పాపేం చేసింది?"

"నీ మీద నాకు కోపమేంటే?"

"వచ్చినప్పట్నుంచీ దాన్ని ఒక్కసారైనా ఎత్తుకున్నావా?"

అరుంధతి స్టవ్ కట్టేసింది. గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టింది.

"ప్రణవ్‌కి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి, గుర్తుందా? పది రోజులు తిరక్కుండా ఇల్లు మారతామన్నారు. ఏడాదిన్నర పిల్లాడికి స్కూలేంటి సుభద్రా? నేనంత పిచ్చిదాన్నా? పిల్లల్లేనిదాని చెయ్యి మంచిది కాదని మీవాళ్ళెవరో అనుంటారు. నా మొహం మీద అనలేక వెళ్ళిపోయావనుకున్నా. నీ తప్పనుకోలేదు. నిజంగానే నా చెయ్యి అలాంటిదేమోనని నాకే భయమేసింది. అప్పట్నుంచీ నేను ఎవరి బిడ్డనీ ఎత్తుకోలేదే."

తను ఆడిన అబద్ధం ఈ మనిషిని ఏడేళ్ళు కాల్చిందని సుభద్ర కలలో కూడా అనుకోలేదు. ఫిట్స్ సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

"అది కాదక్కా. ఒట్టు, అది కాదు. వాడు పడిపోయి, నన్ను దాటుకుని నీ దగ్గరికొచ్చాడు. నిన్ను అమ్మా అన్నాడు. నేను ఓర్చుకోలేకపోయాను."

"అంతేనా?"

"అంతే."

అరుంధతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతులో మాత్రం మొదటిసారి కోపం వినిపించింది. "ఈ ఒక్క ముక్క ఆరోజే చెప్పుంటే, వాడి చేత పెద్దమ్మా అనిపించేదాన్ని కదే. ఊరుకుంటానా, నిన్ను నాలుగు తిట్టి మరీ అనిపించేదాన్ని." ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఆ తిట్టు దొరికేసరికి సుభద్ర బావురుమంది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పాపని ఎత్తి అరుంధతి చేతుల్లో పెట్టింది. కొత్త చేతుల్లోకి వెళ్ళగానే అక్షర ఒళ్ళు విరుచుకుని తల్లి వైపు చూస్తూ గుక్కపెట్టింది. సుభద్ర చేతులు వాటంతట అవే ముందుకెళ్ళాయి. ఆమె వాటిని వెనక్కి తీసుకుని, వీధి అరుగు మీదికి వచ్చేసింది.

ఇసక కాళ్ళతో ప్రణవ్ ఎదురొచ్చాడు. "మమ్మీ, బేబీ క్రైయింగ్ లా. వై యూ నెవర్ క్యారీ?"

"పెద్దమ్మ ఎత్తుకుంది నాన్నా. ఆవిడ చూసుకుంటుంది."

లోపల ఏడుపు సన్నగిల్లి, ఆగిపోయింది. అరుంధతి ఏదో కూనిరాగం తీస్తోంది. సుభద్రకి గుండెలో ఆ పాత మంట మళ్ళీ చురుక్కుమంది. ఈసారి ఆమె లోపలికి పరిగెత్తలేదు. మెట్టు మీద కూర్చుని, కొడుకు కాళ్ళకున్న ఇసక దులపసాగింది.