కాటా దగ్గర ఒక్క హారన్

బోధన్ దాటి నిజామాబాద్ వైపు వస్తుంటే, చెరకు తోటల మధ్య ఒక పాత కాటా ఉంది. ఒకప్పుడు చెరకు బండ్లన్నీ అక్కడ తూకం వేయించుకున్నాకే ముందుకు పోయేవి. ఇప్పుడు కాటా తుప్పు పట్టింది. తూకం మాత్రం ఇంకా ఆగలేదంటారు...

అక్కడ చంద్రయ్య అని గుమాస్తా ఉండేవాడట. చనిపోయి చాలా ఏళ్లయింది. చీకటి పడ్డాక ఆ దారిన ఏ బండి వచ్చినా ఆయన తూచిగానీ వదలడట! అందుకే తెలిసిన డ్రైవర్లు అక్కడ ఆగుతారు. ఒక్క హారన్ కొడతారు. లైట్లు ఆర్పుతారు. వెనక్కి మాత్రం తిరిగి చూడరు. మనసులో దండం పెట్టుకుని మళ్లీ కదులుతారు.

ఆగకుండా పోతే కొంత దూరంలో టైరు పగులుతుందట. ఆ రోడ్డు నిండా గుంతలే కదా, పగలక ఏం చేస్తుంది అని నేనొకసారి అడగబోయాను. నోర్మూసుకో అన్నారు. మూసుకున్నాను.

ఈ ముచ్చట నాకు చెప్పింది మోషే అన్న. నిజామాబాద్‌లో మా వీధే. మెథడిస్టు చర్చిలో ముందు వరుస మనిషి. దెయ్యాల్లేవని మైకు లేకుండా చర్చంతా వినిపించేలా చెప్పగలడు. చీకటి పడితే పెరట్లోకి మాత్రం ఒక్కడే పోడు.

ఆయన బిడ్డ ప్రిస్కిల్లా నర్సు. బోధన్‌లో ఒక దవాఖానలో కొత్తగా ఉద్యోగం దొరికింది. డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది, ఆ వేళకు బస్సు దొరకడం అదృష్టం. "రోజు గిట్ల రోడ్డు మీద నిలబడుడు నడువది బిడ్డా. కారన్న కొందాం, లేకుంటె నౌకరి ఇడిసిపెట్టు" అన్నాడు మోషే.

కొత్త కారు వాళ్ల తాహతుకు మించిన మాట. పైగా ప్రిస్కిల్లాకు లైసెన్సు ఈ మధ్యనే వచ్చింది. గీత పడినా ప్రాణం ఉసూరుమననిది, నడిరోడ్డు మీద మొండికేయనిది ఒక పాత బండి చాలు. వెతకడం మొదలుపెట్టారు. అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట... "డాక్టర్ సాబ్ వాడిన బండి అన్నా!" నిజామాబాద్‌లో ఉన్న డాక్టర్లకన్నా వాళ్లు వాడి అమ్మిన కార్లే ఎక్కువని మోషేకు అప్పుడే తెలిసింది.

చివరికి పాత కార్లమ్మే బంటి షెడ్డులో ఒక చిన్న తెల్ల కారు కనిపించింది. లింబయ్య అనే ఆయన ఏళ్ల తరబడి బోధన్ దారిలో మనుషులను ఎక్కించుకుని తిప్పిన బండి. మోషే వెంట తెచ్చుకున్న మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు, ఆయిల్ చూశాడు, కిందికి దూరి చూశాడు. "దీనికేం రోగం లేదన్నా. వెనక తలుపు లాక్ పడ్తలేదు, గంతే" అన్నాడు.

ధర మాత్రం మరీ తక్కువ. మోషే గుచ్చి గుచ్చి అడిగితే బంటి గొంతు తగ్గించాడు.

"అబద్ధం ఎందుకన్నా... ముగ్గురు కొని వాపస్ ఇచ్చిన్రు. గా కాటా కాడ ఆపంగనే... వెనక బరువు పడ్తదట. ఎవరో ఎక్కి కూసున్నట్టు."

"ఎవరు?"

"చూసినోడెవడు? ముగ్గురికి ముగ్గురు ఉరికినోళ్లే!"

మోషే లేచాడు. ప్రిస్కిల్లా లేవలేదు.

"బాపూ, మన పైసలకు ఇంతకన్న మంచి బండి దొరకది. గిసొంటి నౌకరి గూడ మల్ల దొరకది. ఒక్కసారి నడిపి చూద్దం. గా దారినే... గదే యాళ్లకు."

మోషే చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే. గని ఏమన్న తేడా కొట్టిందో... బండి వద్దు, నౌకరి వద్దు. ఇంట్ల కూసో."

అట్లా ఆ సాయంత్రం తండ్రీ బిడ్డలు బోధన్ పోయారు. చాయ్ తాగారు. చీకటి పడ్డాక తిరుగు ప్రయాణమయ్యారు.

దారికి రెండు పక్కలా చెరకు నిలువెత్తు నిలబడి ఉంది. ముందు బండి లేదు, వెనక బండి లేదు. గాలికి ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి... మోషే చర్చి పాట అందుకున్నాడు. ఆదివారం పాడేదానికన్నా గట్టిగా.

కాటా వచ్చింది. రేకుల గది. దాని ముందు పెద్ద ఇనుప పలక.

"ఆపు" అని గొణిగాడు మోషే.

"దెయ్యాల్లేవంటివి గద బాపూ?"

"లేవు. గని అందరు ఆపుతరు. మనం ఆపితే ఏం పోతది?"

ప్రిస్కిల్లా ఆపింది. ఒక్క హారన్ కొట్టింది. లైట్లు ఆర్పింది.

చీకటి... చెరకు ఆకుల చప్పుడు...

"వెనక్కి చూడకు బిడ్డా..."

రేకుల గది వైపు ఏదో కదిలింది. ఆకులా... అడుగులా...

కిర్ర్‌ర్... వెనక తలుపు తెరుచుకుంది.

కారు వెనక భాగం మెల్లగా కుంగింది — సరిగ్గా ఒక మనిషంత.

తలుపు పడింది. తర్వాత మోషే మెడ వెనకనే... పొడుగాటి నిట్టూర్పు.

పాట ఎక్కడ ఆగిపోయిందో మోషేకే తెలియదు. చెయ్యి తలుపు మీదికి పోయింది. దిగి ఉరికేవాడే — కానీ పక్కన బిడ్డ ఉంది. బిడ్డను వదిలేసి ఉరికి ఏం బతకాలి? కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుండిపోయాడు. "గంత భయం నా జన్మల పడలే తమ్మీ" అని తర్వాత ఆయనే నాకు చెప్పాడు. ఆ ఒక్క మాటకు నాకాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది.

ప్రిస్కిల్లాకు మాత్రం భయం లేదా? ఉంది. కానీ ఆ పిల్లకు డ్రైవింగ్ నేర్పింది శంకరమ్మ మేడం. అద్దంలో చూడకుండా బండి కదిలిస్తే మోచేతి మీద స్కేలుతో ఒక్కటి తగిలించే మనిషి. ఆ దెబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వెనక్కి తిరగొద్దన్నారు గానీ, అద్దంలో చూడొద్దని ఎవరన్నారు? లోపలి లైటు వేసి తలెత్తింది.

తెల్ల చీర... తెల్ల జుట్టు... ఒళ్లో ఒక మూట...

ఆ ముఖం నోరు తెరిచింది —

— ఆవులించింది.

దెయ్యాలు ఆవులిస్తాయని ప్రిస్కిల్లా ఎక్కడా వినలేదు. ధైర్యం కూడదీసుకుని గుసగుసగా అడిగింది. "అవ్వా... ఎటు పోవాలె?"

"కొత్తగ అడుగుతవేంది లింబయ్యా, మా ఊరి మలుపు కాడ..." ఆమె ముందుకు వంగి కళ్లు చికిలించింది. "అగో! ఆడిపిల్లవా? లింబయ్య ఏడి?"

ఆమె పేరు ఈరవ్వ. దగ్గర్లోని చాయ్ హోటల్‌లో గిన్నెలు తోముతుంది. పని కాగానే వచ్చి కాటా గది గడప మీద కూర్చుంటుంది. లింబయ్య వచ్చి ఒక్క హారన్ కొడతాడు, ఆమె ఎక్కి వెనక సీట్లో కునుకు తీస్తుంది, మలుపు దగ్గర దిగుతుంది. ఏళ్లుగా ఇదే వరస. అక్కడ ఎన్ని బండ్లు ఆగి ఎన్ని హారన్లు కొట్టినా ఆమె లేవదు. చూపు మందగించినా ఈ బండి హారన్ గొంతు ఆమెకు బాగా తెలుసు. మోకాళ్లు పట్టేసి లింబయ్య బండి అమ్మేసిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

"లింబయ్యకు ఈ నడుమ ఏమైందో అనుకున్న బిడ్డా. నేను ఎక్కంగనే దిగి ఉరుకుతుండు! ఒకనాడైతే చెరుకుల పడి ఉరికిండు. కడుపు ఖరాబైందేమో పాపం అని శానా సేపు సూసిన. వాపస్ రాలే. నడుసుకుంట ఇంటికి పోయిన."

ప్రిస్కిల్లా నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద తల వాల్చింది. హారన్ మోగింది. మోషే ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. భయం దిగిపోయిందో లేదో, ఆయనలోని బేరగాడు లేచి కూర్చున్నాడు.

"అవ్వా, నిజం చెప్పు. గీ బండి ఎన్నడన్న నడిమిట్ల ఆగిపోయిందా?"

"బండా? వానలల్ల గూడ ఆగలే. ఇడిసిపెట్టి ఉరికేది మనుషులే అయ్యా."

తెల్లారి మోషే బంటి దగ్గరికి పోయి, రాత్రంతా నిద్ర పట్టనివాడిలా ముఖం పెట్టి, నోరు విప్పకుండా బండి కొనేశాడు. దెయ్యం లేదని తెలిస్తే బంటి ధర పెంచడూ?

సోమవారం ప్రిస్కిల్లా మొదటిసారి ఒక్కతే డ్యూటీకి పోయింది. చీకటి పడింది. మోషే గేటు దగ్గరికీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. పక్కింటి నుంచి నేను చూస్తూనే ఉన్నాను. వేళ దాటింది... ఫోన్ చేశాడు. మోగింది... మోగింది... ఎవరో ఎత్తారు.

"హలో..." ఆడగొంతు. గుసగుస. బిడ్డది కాదు.

మోషే గట్టిగా అరిచాడు. "ఎవలు నువ్వు? నా బిడ్డ ఏది?"

"నేను నిరోషను. వెనక సీటుల ఉన్న. అక్క బండి నడుపుతుంది, నడిపేటప్పుడు ఫోన్ ముట్టదట. ఈరవ్వ నా భుజం మీద పడి నిద్రపోతుంది, గందుకే మెల్లగ మాట్లాడుతున్న."

"ఎంతమంది ఉన్నరమ్మా బండిల?"

"నేను, మా అత్త, ఈరవ్వ, ఇంకో అక్క. చెరుకు కూలికి రోజు వస్తం, బస్సులు లేక గోసపడుతుంటిమి, అక్క కాటా కాడ మమ్ముల గూడ ఎక్కించుకుంది. ఈరవ్వ మలుపు కాడ దిగుతది, మేము నిజామాబాద్ దాక అక్కతోనే ఉంటం. ఇగ రోజు గిట్లనే. బిడ్డ ఒక్కతే వస్తదని ఫికర్ జేయకుండ్రి బాపూ."

మోషే ఫోన్ పెట్టేసి లోపలికి పోయాడు. అన్నం పెట్టుకుని తిన్నాడు. ప్రిస్కిల్లా వచ్చి ఎంతసేపు తలుపు కొట్టినా లేవలేదు. ఆయన గురక మాత్రం మా ఇంటిదాకా వినిపించింది.