చిన్నమ్మాయికి దక్కని తాడు

కోరంగి దగ్గర మా పేటలో ఆ మధ్యాహ్నం ఎండుచేపలు గంపలకెత్తుతున్నాం, నేనూ నా తోటికోడలు చిన్నమ్మాయీ. మా మరిది పల్లంరాజు ఓడపనికి రంగూను పోయి, అక్కడే పెళ్ళాడి తెచ్చిన పిల్ల. అసలు పేరుకి మాకు నోరు తిరగక అలా పిలిచేవాళ్ళం. నిండు నెలలు. మొగుడు మళ్ళీ ఓడెక్కి రంగూనే పోయాడు.

తూర్పుగాలి రేగింది. ఆ పిల్ల నవ్వింది.

"మా ఊళ్ళో ఇళ్ళన్నీ కర్రల మీదే అక్కా. గాలొస్తే ఊగుతాయి. మా అమ్మ ఊగుతూనే వంట చేస్తుంది."

"ఇక్కడ గాలొస్తే పొయ్యేంటే, ఇల్లే ఉండదు," అన్నాను.

పొద్దు వాలకముందే చీకటి పడింది. బురద వాసన, కుళ్ళిన నాచు వాసన... ఉన్నట్టుండి సముద్రం హోరు ఆగిపోయింది. అది ఆగిందంటే ఉప్పెనే. మావాళ్ళు పెద్ద అలివి వలను ఒడ్డుకు లాగే తాడు తెచ్చి ఇంటిల్లిపాదినీ తాటిచెట్టుకు కడతారు. ముడి చెట్టు వెనక వేస్తారు, భయంలో ఎవరూ విప్పుకోకుండా.

నా మొగుడు వీరబ్రహ్మం నన్నూ పిల్లల్నీ కట్టాడు. చిన్నమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. మా అత్త అచ్చాయమ్మ తాడు లాక్కుంది.

"ఇది మన రక్తానికి. దేశంకాని దేశం మనిషిని కడితే గంగమ్మ అందర్నీ పట్టుకుపోద్ది."

"దాని కడుపులో ఉన్నది ఎవరి రక్తం అత్తా?"

"నోరు ముయ్యవే."

ఆ పిల్లకు దక్కాల్సిన తాడుతో మేకను కట్టింది. మేకను. నా తల ముగ్గుబుట్టయిపోయినా, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా మొగుడు తల దించుకుని తల్లినీ తననూ కట్టుకున్నాడు. మగాడట.

వెనక ముడి నాకు అందదు. చెయ్యి చాపాను. చిన్నమ్మాయి పట్టుకుంది.

నీళ్ళొచ్చాయి. మోకాళ్ళు... నడుము... మెడ. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించదు. అల కొట్టినప్పుడల్లా ఆ చెయ్యి జారేది. మళ్ళీ దొరికేది.

"ఉన్నావా?"

"ఉన్నా అక్కా."

మళ్ళీ అల.

"ఉన్నావా?"

"ఉన్నా."

ఎప్పటికో నీళ్ళు తీశాయి. గాలి పడిపోయింది. ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది. చల్లగా... కదలకుండా.

"ఉన్నావా?" గుసగుసగా అడిగాను.

"ఉన్నా అక్కా."

ఈసారి గొంతు పక్క నుంచి రాలేదు. చెట్టు వెనక నుంచి వచ్చింది. ముడి దగ్గర నుంచి.

తెల్లారింది. నా చెయ్యి చాపినట్టే ఉంది. పక్కన ఎవరూ లేరు.

మేక బతికింది. మా అత్తా బతికింది. కుటుంబాన్ని నిలబెట్టిన ఇల్లాలని పేటంతా ఆవిణ్ణి మెచ్చుకుంది. పెద్దవాళ్ళు చేసిందల్లా ధర్మమేనని నా దగ్గర ఎవరూ అనకండి. ఆ రోజు నుంచి ఆవిడకి నా చేత్తో ముద్ద పెట్టలేదు.

నెలలు గడిచాక పల్లంరాజు ఓడ దిగాడు. కబురెలా చెప్పాలో తెలియక వాకిట్లో నిలబడ్డాను. అతను నవ్వుతూనే వచ్చాడు.

"చెప్పాపెట్టకుండా దాన్ని పుట్టింటికి ఎలా పంపారు వదినా? ఏ ఓడెక్కి వచ్చావంటే చెప్పదు. చంకలో బిడ్డ. తల్లీబిడ్డలిద్దరి ఒళ్ళూ ఎప్పుడూ తడే, ఎంత తుడిచినా ఆరదు."

లోపల మా అత్త చేటలో చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఏం... చేస్తోంది?" అన్నాను.

"ఏం చేస్తుంది, రాత్రీ పగలూ పీచుతాడు పేనుతోంది. ఇంత పొడుగు ఎందుకే అంటే, అత్త దాకా అందాలి అంటుంది."